నూటికొక్కసారి నడిచే దారి

2018 మార్చి 25, ఆదివారం. మెల్‌బోర్న్ నగరంలోని ఆల్బర్ట్ పార్క్ సర్క్యూట్. ఆ ఏటి ఫార్ములా వన్ సీజన్‌కి అదే తొలి రేసు. అందరికంటే ముందు స్థానంలోంచి బయల్దేరిన మెర్సిడెస్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్ నిబ్బరంగా నడుపుతున్నాడు. ఫెరారీలో ఉన్న కిమీ రైకోనెన్ టైర్లు మార్చుకోడానికి పిట్‌లోకి వెళ్లగానే, అతను తనని దాటిపోకుండా మరుసటి ల్యాప్‌లోనే హామిల్టన్ కూడా వెళ్లి మార్చుకొచ్చాడు. రెండో ఫెరారీలో సెబాస్టియన్ వెటెల్ మాత్రం పాత టైర్లతోనే ట్రాక్ మీద ఉండిపోయాడు. ఎప్పుడో ఒకప్పుడు అతనూ పిట్‌లోకి వెళ్లక తప్పదు. వెళ్తే ఇరవై సెకన్లకు పైనే పోతాయి, ఈలోగా హామిల్టన్ ముందుకొచ్చేస్తాడు. లెక్క అంత సాఫీగా ఉంది.

ఆ సమయానికి నాలుగు, అయిదు స్థానాల్లో పరిగెడుతున్నవి హాస్ అనే చిన్న జట్టు కార్లు. మొదట కెవిన్ మాగ్నుసెన్ టైర్లు మార్చుకుని వెళ్లాడు. ఒక చక్రం నట్టు మర తప్పి ఎక్కింది. బిగించిన మనిషికి అది బిగిసినట్టే అనిపించింది. కొంచెం దూరం పోయాక చక్రం వదులై, కారు ఆగిపోయింది. రెండు ల్యాపులు తిరగకుండానే రోమాన్ గ్రోజాన్ కారుకీ అదే గతి పట్టింది. ఆ జట్టుకి చేతికందిన 22 పాయింట్లు అలా జారిపోయాయి. అంతకుముందు ఏడాది పొడుగునా కష్టపడితే వాళ్లకి వచ్చినవి మొత్తం 47. పిట్‌స్టాప్ సాధన చాలలేదని జట్టు అధిపతి గుంతర్ స్టైనర్ తర్వాత చెప్పాడు. కుమిలిపోతున్న మెకానిక్‌ని గ్రోజానే వెళ్లి ఓదార్చాడు.

గ్రోజాన్ కారు ట్రాక్ మీద ఆగడంతో వర్చువల్ సేఫ్టీ కార్ ప్రకటించారు. అంటే అందరూ నిర్ణయించిన వేగానికి తగ్గిపోవాలి, ఒకర్నొకరు దాటకూడదు. అందరూ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పిట్‌లోకి వెళ్లొస్తే నష్టపోయే సమయం దాదాపు సగానికి తగ్గుతుంది. వెటెల్ వెంటనే లోపలికి వెళ్లాడు, టైర్లు మార్చుకున్నాడు, బయటికొచ్చేసరికి హామిల్టన్ కంటే ముందున్నాడు. ఆల్బర్ట్ పార్క్‌లో ముందున్నవాణ్ణి దాటడం కష్టం. రేసు వెటెల్‌దే అయింది.

మెర్సిడెస్ జట్టు నివ్వెరపోయింది. ఇలాంటిది జరిగినా వెటెల్ ముందుకి రాలేడని వాళ్ల లెక్క ముందే చెప్పింది మరి. అప్పట్లో జట్టు వ్యూహాల బాధ్యత చూసిన జేమ్స్ వౌల్స్ తర్వాత అసలు సంగతి వివరించాడు. రేసు జరుగుతున్నప్పుడు నడిచే ప్రధాన సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. ల్యాపుల మధ్య సమయం తేడాలను ముందుగా లెక్కగట్టి దానికి అందించే మరో చిన్న ప్రోగ్రాములో బగ్ ఉంది. వర్చువల్ సేఫ్టీ కార్ వస్తే వెటెల్‌కి పదిహేను సెకన్ల ఆధిక్యం కావాలని ఆ ప్రోగ్రాము చెప్పింది. నిజానికి పదమూడుకి కాస్త తక్కువే చాలు. ఆ రెండు సెకన్ల తేడాలో రేసు చేతులు మారింది. భద్రంగా ఉన్నామన్న నమ్మకంతో హామిల్టన్ కారుని అంతకంటే వేగంగా తోలనూ లేదు.

నేను వెబ్‌సైట్లు కట్టే ప్రోగ్రామర్ని. టికెట్లు బుక్ చేసే పేజీలు, డబ్బు కట్టించుకునే పేజీలు, ఇదే నా రోజువారీ పని. మోటార్ రేసులంటే ఇష్టం కూడా కాబట్టి ఆ ఆదివారం నా రెండు లోకాలూ ఒకదాన్నొకటి తాకాయి. ఆ రేసుని తారుమారు చేసినవి రెండు: సాధన చాలని ఒక చేతి పని, అరుదుగా అవసరపడే ఒక అంకె. రెంటికీ మూలం ఒకటే. మామూలుగా నడిచే దారిని అందరూ నునుపు చేసుకుంటారు. నూటికొక్కసారి నడవాల్సొచ్చే దారిలో ఉన్న ముల్లు, కాల్లో గుచ్చుకున్నప్పుడు గానీ తెలియదు. ఎవరి పనితనమైనా అసలు తేలేది ఆ రెండో దారిలోనే అని నా నమ్మకం.

బగ్గులు ఎక్కడ ఉంటాయో మా వృత్తిలో కాస్త నలిగినవాళ్లెవరికైనా తెలుసు. రోజుకి లక్షసార్లు నడిచే కోడ్‌లో బగ్ ఎక్కువకాలం బతకదు. పొద్దున రిలీజ్ చేస్తే మధ్యాహ్నానికి ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్తారు. ఏడాదికి రెండుసార్లు నడిచే కోడ్‌లో పడ్డ బగ్ హాయిగా ఏళ్లు గడిపేస్తుంది. దాన్ని రాసిన మనిషి ఉద్యోగం మారిపోతాడు, చుట్టూ ఉన్న కోడ్ మారిపోతుంది, అది మాత్రం తన రోజు కోసం కాచుకుని ఉంటుంది. ఆ రోజు మామూలు రోజు అవ్వదు. సర్వర్లు మూలుగుతున్న రోజో, పండక్కి జనమంతా ఒక్కసారి బుకింగ్‌కి ఎగబడ్డ రోజో అవుతుంది. అప్పటికే ఒకటి చెడి ఉంటుంది, దాన్ని కాసుకోవలసిన కోడ్ కూడా చెడుతుంది.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. కసాండ్రా, హెచ్‌బేస్, రెడిస్ వంటి అయిదు పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో జరిగిన 198 వైఫల్యాలను ఏరుకుని, ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో తవ్వి చూశారు. మొత్తం వ్యవస్థే కుప్పకూలిన ఘటనల్లో 92 శాతానికి కారణం ఒకటే: ఎక్కడో ఒక చిన్న లోపం తలెత్తింది, ప్రోగ్రాము దాన్ని గుర్తించింది కూడా, కానీ గుర్తించాక చేయాల్సిన పని సరిగ్గా చేయలేదు. చిన్న దెబ్బకి మందు వేయాల్సిన చోట ప్రాణం మీదికి తెచ్చారన్నమాట. లోపం వచ్చినప్పుడు నడిచే కోడ్‌ని మామూలుగా పరీక్షించి ఉంటే సగానికి పైగా ఘటనలు జరిగేవే కావని కూడా వాళ్లు తేల్చారు.

ఆ కోడ్ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. వెబ్ పేజీలని నడిపించే జావాస్క్రిప్ట్ భాషలో ట్రై అని ఒక భాగం, క్యాచ్ అని ఒక భాగం పక్కపక్కనే రాస్తాం. చేయదల్చుకున్న పని ట్రైలో ఉంటుంది, అది చెడితే ఏం చేయాలో క్యాచ్‌లో ఉంటుంది. చాలా కంపెనీల కోడ్ తెరిచి చూడండి. ట్రైలో నలభై వరసలుంటాయి, ఎంతో శ్రద్ధగా పేర్లు పెట్టి, చక్కగా సర్ది ఉంటాయి. క్యాచ్‌లో రెండు బ్రాకెట్ల మధ్య ఖాళీ. లేదంటే ‘తర్వాత చూడాలి’ అని ఒక కామెంటు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు. ఆ ఖాళీని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అది చూడబోయే మనిషికి మనం చెప్పాల్సిన మాట మింగేసినట్టు ఉంటుంది.

బ్రౌజర్‌లో ఫెచ్ అని ఇంకొకటి ఉంది. సర్వర్‌ని అడిగి సమాచారం తెచ్చిపెట్టేది అదే. సర్వర్ ‘500’ అని, అంటే నా వల్ల కాలేదని, జవాబిచ్చినా ఫెచ్ దాన్ని విజయం కిందే జమకడుతుంది. జవాబంటూ వచ్చింది కదా అని దాని తర్కం. కనెక్షన్ తెగిపోతేనో, జవాబే అందకపోతేనో తప్ప అది క్యాచ్ గడప తొక్కదు. వచ్చిన జవాబు మంచిదా కాదా అని మనమే ఒక వరస రాసి అడగాలి. ఆ ఒక్క వరస లేని పేజీలో జనానికి కనిపించేది, ఎంతకీ ఆగకుండా తెర మీద గుండ్రంగా తిరిగే చక్రం. ఏం జరుగుతోందో చెప్పదు, ఎంతసేపు ఆగాలో చెప్పదు.

ఇలా చెప్తున్నానని వెబ్ పుట్టుకే అలాంటిదనుకోకండి. నిజానికి చెడిపోయిన రోజుని ఇంత పెద్ద మనసుతో తలుచుకున్న సాంకేతికత మరొకటి అరుదు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఒక ట్యాగ్ మూయడం మర్చిపోండి, బ్రౌజర్ తనే సర్దుకుంటుంది. తనకి తెలియని ట్యాగ్ ఎదురైతే పక్కన పెట్టి, లోపలున్న మాటలు చూపిస్తుంది. మధ్యలో ఒక దశ వచ్చింది. ఇంత ఉదారంగా ఉంటే క్రమశిక్షణ పోతుందని, ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అనే కఠినమైన రూపాన్ని తేవాలని చూశారు. దాని నియమం ప్రకారం ఒక్క చోట తప్పు దొర్లినా బ్రౌజర్ పేజీని చూపించకూడదు. అలాంటి పేజీ తెరిస్తే ఫైర్‌ఫాక్స్‌లో లేత పసుపు తెర మీద ఫలానా వరసలో తప్పుందని ఒక సందేశం వచ్చేది. తప్పు చేసింది రాసినవాడు, శిక్ష చదవడానికి వచ్చినవాడికి! ఆ దారి నిలవలేదు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రెండో రూపం పనిని 2009లో ఆపేశారు. దాని స్థానంలో వచ్చిన హెచ్‌టీఎంఎల్5 తప్పుల తడకగా ఉన్న పేజీని కూడా ఎలా చదవాలో అంచెలంచెలుగా నిర్దేశించింది, బ్రౌజర్లన్నీ ఒకే తీరున సర్దుకునేలా. తప్పుని ఎలా భరించాలో అంత ఓపిగ్గా రాసిపెట్టిన ఆ ప్రమాణం చదివినప్పుడు, దాన్ని రాసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

అంత సహనంగల పునాది మీద మేం ఇవాళ కడుతున్నవి చూస్తే బాధేస్తుంది. పేజీలో కనిపించే ప్రతి అక్షరాన్నీ జావాస్క్రిప్టే గీయాలన్న పద్ధతిలో కడుతున్నాం. ఆ స్క్రిప్టు దిగకపోతే మిగిలేది తెల్లటి తెర. దిగకపోవడం ఎంత అరుదు? 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం తమ సైటుకి వచ్చే జనంలో లెక్క తీసింది. 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ పనిచేయలేదు. అందులో కావాలని ఆపేసుకున్నవాళ్లు, ఆ సదుపాయం లేనివాళ్లు 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మంది బ్రౌజర్లలో అంతా సవ్యంగానే ఉంది, అయినా ఆ స్క్రిప్టు వాళ్లదాకా చేరలేదు, లేదా నడవలేదు. దారిలో ఏదో తెగింది.

నూటికి ఒక్కరే కదా అని మీటింగుల్లో అంటూ ఉంటారు. ఈ మాట దగ్గరే రేసు ట్రాక్‌కీ వెబ్‌కీ తేడా ఉంది. ట్రాక్ మీద చక్రం వదులవడం ఏ జట్టుకైనా ఎప్పుడో ఒకసారి వస్తుంది. వెబ్‌లో ఆ ఒక్క శాతం రోజుకొకరి వంతున తిరగదు. చాలావరకు మళ్లీ మళ్లీ అదే మనుషుల మీద పడుతుంది. గచ్చిబౌలిలో ఫైబర్ కనెక్షన్ ఉన్న నాకు పేజీ తెగిపోవడం ఏడాదికోసారి వింత. మన్యంలో కొండ వాలు మీద ఒకే ఒక్క గీత సిగ్నల్‌తో పాత ఫోన్ పట్టుకున్న కుర్రాడికి అది రోజూ ఉండేదే. పదో తరగతి ఫలితాలు వచ్చిన పూట అతను హాల్ టికెట్ నంబరు కొట్టి, తెల్లటి తెర చూసి, మళ్లీ కొట్టి, మళ్లీ చూస్తూ ఉంటాడు. మేం ఎడ్జ్ కేసు అని పేరు పెట్టి పక్కకి నెట్టేది అతని దినచర్యని. అరుదు అన్న మాటని ఎవరి వైపునుంచి లెక్కపెట్టామో చూసుకోకుండా వాడకూడదని నాకు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిన అభిప్రాయం.

డబ్బు దగ్గరికి వస్తే ఇది ఇంకా సూటిగా తగులుతుంది. ఒక అమ్మాయి సెలవులకి ఊరెళ్దామని బస్సు టికెట్ కొంటోంది. 640 రూపాయలు. బటన్ నొక్కింది. విన్నపం సర్వర్‌కి చేరింది, డబ్బు కట్ అయింది, టికెట్ ఖరారైంది. ఆ కబురు తిరిగొస్తుండగా ఆమె ఎక్కిన ఆటో ఫ్లైఓవర్ కిందకి పోయింది, సిగ్నల్ పోయింది. ఇప్పుడు ఆమె ఫోనుకి తెలిసింది ఒక్కటే: జవాబు రాలేదు. విన్నపం వెళ్లలేదా, వెళ్లి జవాబు దారిలో పోయిందా అన్నది ఫోను వైపునుంచి తేల్చుకోవడం అసాధ్యం. ఆమె మళ్లీ నొక్కుతుంది. ఎవరైనా అదే చేస్తారు. మనం ముందుగా ఆలోచించి ఉండకపోతే రెండో టికెట్, ఇంకో 640 రూపాయలు.

దీనికి మందు కనిపెట్టి చాలాకాలమైంది, పెద్ద ఖరీదైనదీ కాదు. ఆమె బటన్ నొక్కకముందే ఆ కొనుగోలుకి ఒక ప్రత్యేకమైన సంఖ్య ఇస్తాం. ఎన్నిసార్లు నొక్కినా అదే సంఖ్య వెళ్తుంది. సర్వర్ దాన్ని చూసి, ఇది ఇందాకటిదే అని గుర్తుపట్టి, డబ్బు ముట్టుకోకుండా ఇందాకటి జవాబునే మళ్లీ పంపిస్తుంది. వెబ్‌ని నడిపే హెచ్‌టీటీపీ నియమాల్లోనే ఈ ఆలోచనకి బీజం ఉంది. గెట్ అనే విన్నపం ఎన్నిసార్లు చేసినా సర్వర్ దగ్గర ఏదీ మారకూడదు. పుట్ అనేది పదిసార్లు చేసినా ఒకసారి చేసినట్టే ఉండాలి. పోస్ట్‌కి మాత్రం ఆ హామీ లేదు. పోస్ట్ ద్వారా ఫారం పంపాక పేజీని రీఫ్రెష్ చేయబోతే బ్రౌజర్ ఒక్క క్షణం ఆపి, మళ్లీ పంపమంటారా అని అడిగేది అందుకే. దశాబ్దాల కిందట ఎవరో కూర్చుని, జవాబు దారిలో పోతే ఏం కావాలని ఆలోచించి పెట్టారు.

డబ్బు విషయంలో మన దేశంలో నియమం కూడా వచ్చింది. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్, చెడిపోయిన లావాదేవీలకు గడువులు విధించింది. యూపీఐలో దుకాణానికి కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి, అవతల ఖరారు కాకపోతే, లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కోట్ల లావాదేవీల్లో సజావుగా సాగినవాటికి ఈ నియమంతో పనే లేదు. సాగని ఆ కొద్ది వాటి కోసమే అది పుట్టింది. జనం ధైర్యంగా కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్ తీసి కడుతున్నారంటే, ఇలా వెనకాల కాపు కాసేవి ఉండబట్టి కూడా.

అలా కాపు కాసే మనుషుల్ని నేనొకసారి దగ్గరగా చూశాను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఎలక్ట్రిక్ కార్లు మనం రోజూ తిరిగే నెక్లెస్ రోడ్డు మీద సన్నటి ఈలతో దూసుకుపోతుంటే ఊరు ఊరంతా విడ్డూరంగా చూసింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నేను స్టాండులో కూర్చుని కార్లని ఎంత చూశానో, కంచె అవతల నిలబడ్డ మార్షల్స్‌ని అంత చూశాను. ఎండలో, చేతిలో మడిచిన జెండాతో, కాళ్ల దగ్గర మంటలార్పే సిలిండర్లతో, మలుపు మలుపుకీ మనుషులు. కార్లు ముందునుంచి పోతున్నంతసేపూ వాళ్ల చూపు కార్ల వెంట పోదు, తమకి అప్పజెప్పిన ఆ కాస్త ట్రాక్ మీదే ఉంటుంది. జాగ్వార్ జట్టువే రెండు కార్లు మలుపు దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు ఆ నిలబడ్డ మనుషులకి పని పడింది. పసుపు జెండాలు లేచాయి. చాలామంది మార్షల్స్‌కి ఆ రోజంతా జెండా విప్పే అవసరమే రాలేదు. వాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టే మిగతావాళ్లు అంత వేగంగా పోగలిగారు.

కోస్తాలో పెరిగినవాళ్లకి ఇది అర్థం కావడం కష్టం కాదు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. ఎత్తైన స్తంభాల మీద గదులు. మామూలు రోజుల్లో వాటిలో చాలాచోట్ల బడి నడుస్తుంది, ఊరి మీటింగులు జరుగుతాయి. ఆ గది విలువని బడి పిల్లల హాజరుతో లెక్కగట్టే మనిషి ఆ ఊళ్లో ఉండడు.

రేసు ప్రపంచాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రపంచం తన పాఠాలని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. మెల్‌బోర్న్‌లో రేసుని తిప్పేసిన వర్చువల్ సేఫ్టీ కార్ నియమమే ఒక ప్రాణాంతక ప్రమాదం నుంచి పుట్టింది. 2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకాలో, వానలో, ఆగిపోయిన వేరే కారుని ఎత్తుతున్న ట్రాక్టర్‌ని డ్రైవర్ జూల్స్ బియాంకీ ఢీకొన్నాడు. జెండాలు ఊపుతున్నా ఎవరు ఎంత తగ్గించాలన్నది డ్రైవర్ల విచక్షణకే వదిలేశారు అప్పట్లో. తొమ్మిది నెలలు మృత్యువుతో పోరాడి, 2015 జులైలో అతను కన్నుమూశాడు, పాతికేళ్లకే. ఆ ప్రమాదం దరిమిలా, 2015 సీజన్ నుంచే, ఎంతకి తగ్గించాలో అంకెల్లో చెప్పే నియమం వచ్చింది.

మెల్‌బోర్న్ రేసుకి ఇంకో విశేషం ఉంది. డ్రైవర్ తల చుట్టూ ఉండే టైటానియం చట్రం, హేలో, తప్పనిసరి అయ్యాక జరిగిన మొదటి ఫార్ములా వన్ రేసు అదే. అందంగా లేదని, బరువని, రేసు కారు స్వభావాన్నే చెడగొట్టిందని చాలామంది విసుక్కున్నారు. దాన్ని వ్యతిరేకించిన డ్రైవర్లలో గ్రోజాన్ ఒకడు. 2020 నవంబరు 29న, బహ్రెయిన్‌లో, మొదటి ల్యాప్‌లోనే అతని కారు గంటకి 190 కిలోమీటర్లకు పై వేగంతో లోహపు కంచెని చీల్చుకుపోయింది. రెండు ముక్కలై భగ్గుమంది. ముందు భాగం కంచె రేకుల మధ్య ఇరుక్కుంది. అతని తలకి తగలాల్సిన రేకుల్ని హేలో పక్కకి తోసింది. దాదాపు అర నిమిషం మంటల్లో ఉండి, చేతులు కాలి, తన కాళ్ల మీద తను బయటికొచ్చాడు. ఆ ఏడాది నుంచే, మునుపటికంటే ఎక్కువసేపు వేడికి తట్టుకునే దుస్తులు తప్పనిసరి చేశారు. ప్రతి రేసులోనూ మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే డాక్టర్ ఉన్న కారు ఒకటి వెళ్తుంది, ఆ రోజూ వెళ్లింది, కొన్ని సెకన్లలోనే అక్కడికి చేరింది. ఎన్నో ఏళ్లు, ఎన్నో రేసులు, ఆ కారు ఊరికే ఒక చుట్టు తిరిగొచ్చి ఆగిపోయేది. తిరిగిన ప్రతి చుట్టూ ఈ ఒక్క సాయంత్రం కోసమే. హేలో వద్దన్న తన పాత మాట తప్పని గ్రోజాన్ ఆస్పత్రి మంచం మీంచే చెప్పాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక న్యాయమైన ప్రశ్న ఎదురవుతుంది. చెడిపోగల ప్రతిదానికీ ముందే ఏర్పాటు చేసుకుంటూ కూర్చుంటే అసలు పని ఎప్పుడు చేస్తాం? గడువులుంటాయి, డబ్బు పరిమితం, మనుషులు కొద్దిమంది. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. రేసు నిర్వాహకులు కూడా అన్నిటికీ కాపలా పెట్టరు. వాళ్లు ఎంచుకునే తీరు మాత్రం మాకంటే మెరుగు. ఎన్నిసార్లు జరుగుతుందన్న దానికంటే, జరిగితే ఎంత పోతుందన్నది ముందు చూస్తారు. ఫొటో ఆలస్యంగా కనపడితే ఎవరి కొంపా మునగదు. కట్టిన ఫీజు లెక్కలోకి రాకపోతే ఒక విద్యార్థికి సీటు పోతుంది. మొదటిది రోజుకి వెయ్యిసార్లు, రెండోది ఏడాదికి పదిసార్లు జరిగినా, నా సమయం ముందు రెండోదానికే చెందాలి.

పైగా మాకున్న వెసులుబాటు రేసువాళ్లకి లేదు. ఏది తెగితే ఏమవుతుందో తెలుసుకోడానికి అక్కడ చాలాసార్లు ట్రాక్ మీద మనిషిని పణంగా పెట్టాల్సొస్తుంది. మా దగ్గర ఒక బటన్ నొక్కితే బ్రౌజర్‌లో నెట్ వేగం పడిపోతుంది, ఇంకో బటన్ నొక్కితే నెట్ మొత్తం పోతుంది. సర్వర్ జవాబివ్వనట్టు నటించమని చెప్పొచ్చు. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు 2011లోనే, పనివేళల్లో తమ సర్వర్లలో ఏదో ఒకదాన్ని తమకే చెప్పకుండా ఆపేసే ప్రోగ్రామును నడుపుతున్నామని ప్రకటించారు. అందరూ మెలకువగా ఉన్నప్పుడు చిన్నగా తెగితే, అర్ధరాత్రి పెద్దగా తెగినప్పుడు చేతులు తడబడవని వాళ్ల ఆలోచన. పిట్ సిబ్బంది రోజూ చేసే సాధన కూడా ఇదే. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు 1.80 సెకన్లలో నాలుగు టైర్లూ మార్చి రికార్డు సృష్టించింది. టీవీలో మనం ఆ వేగం చూసి ముక్కున వేలేసుకుంటాం. తెర వెనక వాళ్లు నట్టు బిగించే అదనపు గన్ను ఎక్కడుండాలి, నట్టు జారితే ఎవరు చెయ్యెత్తాలి, జాక్ పనిచేయకపోతే రెండోది ఎవరు తెస్తారు అన్నవి కూడా ఒళ్లు అలిసేదాకా సాధన చేస్తారు. చెడినప్పుడు ఏం చేయాలో ఒంటికి పట్టినవాడికే, చెడనప్పుడు అంత నిశ్చింతగా వేగంగా కదలడం సాధ్యమవుతుంది.

ఈ మధ్య మా పనిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్త పేజీ ఏదైనా మొదలుపెట్టేటప్పుడు, అంతా బాగున్నప్పటి బొమ్మ గీయడానికి ముందు, జవాబు రానప్పటి బొమ్మ గీస్తాం. అందులో ఏ మాట రాయాలో కూర్చుని ఆలోచిస్తాం. ‘ఏదో పొరపాటు జరిగింది’ అన్న వాక్యానికి మా దగ్గర చోటు లేదు. ‘మీ డబ్బు కట్ అయిందో లేదో ఇంకా తెలియలేదు, మళ్లీ నొక్కినా రెండోసారి కట్ అవ్వదు, టికెట్ ఖరారైతే ఇదే నంబరుకి మెసేజ్ వస్తుంది’ అని రాస్తాం. ఆ వాక్యం నిజమయ్యేలా కోడ్ రాయడం తర్వాతి పని. ఇలా మొదలుపెడితే క్యాచ్ ఖాళీగా మిగలదు. అక్కడ ఏం ఉండాలో మొదటిరోజే నిర్ణయమైపోతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకి నేను ఇదే చెప్తాను. మీరు రాసింది మీ ల్యాప్‌టాప్‌లో నడిచిందంటే సగం పనే అయింది. నెట్ ఆపి చూడండి, సర్వర్‌ని అబద్ధమాడించి చూడండి, అమ్మ వాడే ఆ పాత ఫోన్‌లో తెరిచి చూడండి. మెర్సిడెస్ వంటి సంపన్న జట్టులో, అంతమంది మేధావుల మధ్య, రెండు సెకన్ల బగ్ దాక్కోగలిగిందంటే మన కోడ్‌లోనూ ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. కోడ్ రివ్యూకి ఎవరు కూర్చున్నా ఒక ప్రశ్న తప్పక అడగండి: జవాబు రాకపోతే అవతలి మనిషికి ఏం కనిపిస్తుంది, ఆ మనిషి ఏం చేయగలుగుతుంది? దీనికి తడుముకోకుండా సమాధానం చెప్పలేని కోడ్ ఎంత వేగంగా నడిచినా, ఎంత అందంగా ఉన్నా, పూర్తయిందని నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోవద్దు.